కొబ్బరికి చేవ బయట: తోటలో కర్ర కోసే పనిముట్ల గురించి

(కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయ ఆవరణలో, తుఫాన్ల కాలానికి ముందు, కొబ్బరి రైతులు, దింపు కార్మికులు, విద్యార్థులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఈ రెండు దిమ్మలను మీ చేతికి ఇస్తున్నాను. ఒకటి ఆ చివర నుంచి, ఒకటి ఈ చివర నుంచి, ఒకరి తరువాత ఒకరు అందించుకుంటూ వెనక వరుస దాకా పోనివ్వండి. ఒకటి నల్ల తుమ్మ, రెండోది కొబ్బరి. రెండింటినీ నిన్న సాయంత్రం నేనే కోశాను. కోసిన ముఖం మీద బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. అంచు దగ్గర ఒకసారి, సరిగ్గా నడుమ ఒకసారి.

తుమ్మ దిమ్మలో అంచున పాలిపోయిన పొర ఒకటి కనిపిస్తుంది. అది కాస్త మెత్తన. లోపలికి పోయేకొద్దీ ఎరుపు తిరిగి, రాయిలా బిగిసి ఉంటుంది. దాన్నే మన పెద్దలు చేవ అన్నారు. ఇప్పుడు కొబ్బరి దిమ్మ చూడండి. అక్కడ లెక్క తిరగబడింది. నడుమ గోరు దిగుతుంది, అంచున దిగదు. ముఖమంతా గోధుమ రంగు చుక్కలు పొదిగినట్లు ఉన్నాయి కదా, అవి నారల కట్టలు. అంచు దగ్గర కిక్కిరిసి ఉంటాయి, నడుమకు వచ్చేసరికి పలచబడతాయి. కొబ్బరికి, తాటికి చేవ బయట ఉంటుంది. వాటికి మామిడిలాగా, వేపలాగా ఏటేటా పెరిగే వలయాలు లేవు. పుట్టుకలోనే అవి గడ్డి జాతికి దగ్గర చుట్టాలు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు దిమ్మల్లోనే ఉంది. పనిముట్టు దుకాణంలో గోడకు వేలాడుతున్నప్పుడు మంచిదో కాదో తేలదు. ఏ కర్ర మీద పెడతారు, ఆ కర్ర ఎలా పడి ఉంది, దాన్ని ఎవరు పట్టుకుంటారు, ఎవరు పదును పెడతారు, ఈ నాలుగూ తెలిస్తేనే తేలుతుంది. ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పేస్తాను. మన డెల్టాలో కత్తి లేని ఇల్లు లేదు, రంపం ఉన్న ఇల్లు అరుదు. ఇది మారాలని నా కోరిక. మన తోటలకు మొదటి పనిముట్టు రంపం, రెండోది కత్తి, మూడోది గొడ్డలి. చాలామంది ఈ వరుసను వెనక నుంచి మొదలుపెడతారు.

నాకు ఈ సంగతి తెలిసింది 1996లో. నవంబరు 6 రాత్రి కాకినాడకు దిగువన తుఫాను తీరం దాటింది. ఆ రాత్రి వెయ్యి మందికి పైగా చనిపోయారు. పెద్దవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారి తలుపు తీస్తే మా తోటలో నిలబడిన చెట్ల కంటే పడిన చెట్లే ఎక్కువ. మా ఇంటి నుంచి పుంతలోకి పోయే దారి మీద పదకొండు కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఇంట్లో మా నాన్నగారికి జ్వరం, బయటికి తీసుకుపోవడానికి దారి లేదు. కరెంటు లేదు, పెట్రోలు దొరకదు, మోటారు రంపం ఉన్నవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారో తెలియదు. నా దగ్గర ఉన్నది గొడ్డలి, రెండు కత్తులు.

గొడ్డలి ఎత్తి కొబ్బరి మాను మీద వేశాను. తుమ్మ మీద వేస్తే పేడు లేచి ఎగురుతుంది. కొబ్బరి మీద వేస్తే నారలు గొడ్డలిని పట్టుకుని వదలవు. ప్రతి దెబ్బకూ గొడ్డలిని అటూ ఇటూ ఊపి పెకలించాలి. నాలుగు దెబ్బల్లో మూడు పెకలించడానికే సరిపోయేవి. మొదటి చెట్టు తెగేసరికి నా అరచేతులు పొక్కిపోయాయి. మధ్యాహ్నానికి పక్క తోట పెద్దాయన ఒక రంపం పట్టుకుని వచ్చారు. ఇద్దరు రెండు వైపులా కూర్చుని లాగే పాత రంపం అది. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. ‘నాయనా, దీన్ని కొట్టి కోయలేం, లాగి కోయాలి’ అన్నారు. సాయంత్రానికి మిగిలిన పది చెట్లూ తెగాయి. అప్పటి నుంచి నా తోటలో రంపం లేని రోజు లేదు.

ఇప్పుడు రంపం సంగతి. బల్ల మీద మూడు పెట్టాను. దగ్గరికి వచ్చి చూడండి, ముట్టుకోండి, అంచు జాగ్రత్త.

మొదటిది ఈ వంపు రంపం. పలక పదమూడు అంగుళాలు, కొడవలిలా కాస్త వంగి ఉంటుంది. లాగినప్పుడు కోస్తుంది, తోసినప్పుడు కోయదు. పళ్ళ కొనలు పిడి వైపు మొగ్గి ఉన్నాయి, చూశారా? తోసి కోసే రంపం పలక మందంగా ఉండాలి, లేకపోతే తోసేటప్పుడు మెలిక పడుతుంది. లాగేటప్పుడు పలక తాడులా బిగుసుకుంటుంది కాబట్టి పలచగా ఉన్నా చాలు. పలచని పలక సన్నని గాడి తీస్తుంది. గాడి సన్నమైతే కోయాల్సిన కర్ర తక్కువ, చేతికి శ్రమ తక్కువ. మా తాతగారు వడ్రంగం చేసేవారు. నేల మీద కూర్చుని, కర్రను కాలితో అదిమి పట్టి, రంపాన్ని తన వైపుకు లాగి కోసేవారు. ఇప్పుడు జపాను రంపాలని అమ్ముతున్న వాటి పద్ధతీ అదే. చేయి పైకెత్తి కొమ్మ కోసేటప్పుడు ఈ లాగుడు ఎంత మేలో ఒకసారి పట్టుకుంటే తెలుస్తుంది. మన ఒంటి బరువే పని చేస్తుంది.

పళ్ళు లెక్కపెట్టండి. అంగుళానికి అయిదో ఆరో ఉంటాయి. ఇది పచ్చి కర్రకు. పచ్చి కర్ర పొట్టు తడిగా, నారగా, ముద్దగా వస్తుంది. పళ్ళ మధ్య సందు పెద్దగా లేకపోతే ఆ ముద్ద సందుల్లో కూరుకుపోయి, రంపం కర్ర మీద జారుతుందే తప్ప దిగదు. వడ్రంగి బల్ల మీద తలుపు చెక్క కోసే రంపానికి అంగుళానికి పది, పన్నెండు పళ్ళు ఉంటాయి. దాన్ని తెచ్చి పచ్చి మామిడి కొమ్మ మీద పెట్టి, రంపం మంచిది కాదని పారేసినవాళ్ళను చూశాను. ఆ రంపం తప్పేమీ లేదు, ఎండు చెక్క కోసం పుట్టింది అది.

పొడవుకు నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. కోయబోయే కొమ్మ లావుకు పలక రెండింతలు ఉండాలి. ఆరు అంగుళాల కొమ్మకు పన్నెండు, పదమూడు అంగుళాల పలక. అంతకంటే పొట్టి రంపంతో లాగితే పొట్టు గాడిలో నుంచి బయటికి రాదు, లోపలే తిరుగుతుంది.

రెండోది విల్లు రంపం. ఇనుప గొట్టం విల్లులా వంచి, సన్నని పలకను బిగించినది. మానులు ముక్కలు చేయడానికి దీనికి మించినది లేదు. అరిగితే పలక మార్చుకోవచ్చు. కానీ పలకల్లో రెండు రకాలు ఉన్నాయని దుకాణదారు చెప్పడు. ఒకదానిలో అన్నీ ఒకే తీరు పళ్ళు, అది ఎండు కర్రకు. రెండోదానిలో నాలుగు పళ్ళు, తరువాత చీలిన పన్ను ఒకటి, మళ్ళీ నాలుగు పళ్ళు. ఆ చీలిన పన్ను కోసే పన్ను కాదు, మిగతా పళ్ళు తెంపిన నారను గాడిలో నుంచి తోడి బయట వేసే పన్ను. పచ్చి కర్రకు అది ఉన్న పలకే అడిగి తీసుకోండి. కొబ్బరి మాను అడుగు లావు ఉంటుంది కాబట్టి విల్లు లోతు కూడా కొలుచుకోవాలి. సగం కోసేసరికి విల్లు మానుకు తగిలి ఆగిపోతే మానును దొర్లించి రెండో వైపు నుంచి రావాలి.

ఆ దొర్లించడం కొబ్బరికి ఎలాగూ మంచిదే. చేవ బయట ఉందని చెప్పుకున్నాం కదా. ఒకే వైపు నుంచి కోస్తూ పోతే మొదట గట్టి పొర, నడుమ మెత్తన, చివర మళ్ళీ గట్టి పొర. అలసిన చేతికి ఆ చివరి పొర కొండలా ఉంటుంది. మానును దొర్లిస్తూ చుట్టూ గట్టి పొరను ముందే కోసేస్తే లోపలిది వెన్నలా తెగుతుంది. పైగా కొబ్బరి మానులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, అది పళ్ళను తొందరగా అరగదీస్తుంది. ఒక పూట కొబ్బరి కోస్తే సాయంత్రం పళ్ళు చూసుకోవలసిందే. మానులో మొదలు భాగం మరీ గట్టి, మొవ్వు వైపు తేలిక. చేతిలో సత్తువ ఉండగానే మొదలు వైపు కోసేయండి.

మూడోది జేబులో పట్టే మడత రంపం. కోకో, నిమ్మ, జామ కొమ్మలకు సరిపోతుంది. కొనేటప్పుడు మడత దగ్గర తాళం గట్టిగా పడుతుందో లేదో చూడండి. లాగుతుండగా మడత పడితే వేళ్ళు పోతాయి. అంతకు మించి దాని గురించి చెప్పేది లేదు.

ఇంకో గుర్తు. కొత్త రంపాల పళ్ళ కొనలు కొన్నింటికి నీలం కలిసిన నలుపు రంగులో ఉంటాయి. వాటి కొనలను మాత్రమే కాల్చి బాగా గట్టిపరిచారన్నమాట. చాలాకాలం పదును నిలుస్తుంది, కానీ అరిగిన రోజున ఆకురాయి వాటి మీద జారిపోతుంది, పదును పెట్టలేం. పళ్ళు మొదలు నుంచి కొన దాకా ఒకే రంగులో ఉన్నవి మూడు అంచుల ఆకురాయితో మళ్ళీ మళ్ళీ పదును పెట్టుకోవచ్చు. రెండూ మంచివే. ఆకురాయి పట్టే ఓపిక లేనివారికి మొదటిది, ఉన్నవారికి రెండోది. నేను ఒకసారి ఈ తేడా అడగకుండా పట్నంలో ఒక దుకాణంలో ఖరీదైన రంపం కొన్నాను. ఏడాది తిరిగేసరికి పళ్ళు మొద్దుబారాయి. ఆకురాయి పెడితే ఆకురాయే అరిగింది. దానికి వేరే పలక దొరకదని అప్పుడు చెప్పారు. కాబట్టి కొనే రోజే అడగండి, పలక విడిగా దొరుకుతుందా అని.

ఇప్పుడు కర్ర ఎలా పడి ఉందో చూసే సంగతి. దీనికోసం పొట్లకాయ తెచ్చాను. తమ్ముడూ, ఆ రెండు ఇటుకలు దూరంగా పెట్టు, వాటి మీద పొట్లకాయ. ఇప్పుడు నడుమ వేలితో నొక్కుతున్నాను. చూడండి, కింద వైపు పగులు వచ్చింది, పై వైపు ముడుచుకుంది. కాలువ మీద అటు గట్టుకూ ఇటు గట్టుకూ ఆనుకుని పడిన చెట్టు ఇలాగే ఉంటుంది. పైన నొక్కుకుపోతుంది, కింద సాగుతుంది. పై నుంచి కోస్తూ పోతే ఏమవుతుంది? గాడి రెండు దవడల్లా మూసుకుని రంపాన్ని పట్టేస్తుంది. ఎంత లాగినా రాదు. అందుకని పై నుంచి మూడో వంతు కోసి, గాడి మూసుకోబోతోందని తెలియగానే ఆపి, మిగతాది కింది నుంచి పైకి కోయాలి. ఒక పక్కకు నిలబడే కోయాలి, తెగి పడే దారిలో కాలు ఉండకూడదు.

చెట్టుకు వేలాడుతున్న కొమ్మది దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని బరువు కిందికి లాగుతుంది కాబట్టి పై వైపు సాగుతుంది, కింది వైపు నొక్కుకుపోతుంది. పై నుంచి ఒకే కోత కోస్తే, తెగేముందు కొమ్మ తన బరువుకు విరిగి, మాను బెరడును చీల్చుకుంటూ ఊడి పడుతుంది. మామిడి చెట్లకు గజం పొడవున బెరడు లేచిపోయిన గాయాలు మీరు చూసే ఉంటారు. అది మాననే మానదు, నీరు దిగి కుళ్ళుతుంది. మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు కోయండి. దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా కోయండి. బరువంతా పడిపోయాక మిగిలిన మోడును మూడో కోతతో తీయండి. ఆ చివరి కోత మానుకు అంటుకుపోయేలా వద్దు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉంగరంలా ఒక మెడ ఉంటుంది. దాన్ని వదిలి బయట కోయండి. గాయాన్ని మాన్పేది ఆ మెడే.

కత్తితో, గొడ్డలితో కింది నుంచి పైకి కొట్టగలమా? కొట్టలేం. రంపమే ముందని నేను పట్టుపట్టడానికి ఇది పెద్ద కారణం.

నేల మీద బారుగా పడుకున్న మాను అయితే కింది నుంచి కోసే వీలు లేదు. అప్పుడు గాడిలో రంపం వెనక ఒక చెక్క మేకు దిగగొట్టండి, గాడి తెరుచుకుని ఉంటుంది. ఇనుప మేకు పెట్టకండి, పళ్ళు తగిలితే పోతాయి.

కత్తి దగ్గరికి వద్దాం. కత్తిని నేను తక్కువ చేసి మాట్లాడానని దింపు కార్మికులు అనుకోవద్దు. చెట్టు మీద మట్ట కొట్టడానికి, గెల దింపడానికి, పడిన చెట్టు చుట్టూ తీగలు, ముళ్ళకంప తప్పించడానికి కత్తికి సాటి లేదు. మణికట్టు మందం దాకా కత్తి, అంతకు మించితే రంపం. మన వైపు మచ్చుకత్తికి కొన దగ్గర ముక్కులా వంపు ఉంటుంది. ఆ ముక్కు అలంకారం కాదు. కొట్టినప్పుడు అంచు కన్నా ముందు నేలకు తగిలి అంచును కాపాడుతుంది, తెగిన కంపను మన చేతులు పెట్టకుండా లాగుతుంది. వరద తరువాత చెత్త కింద పాములు చేరతాయి. చేయి పెట్టే ముందు ఆ ముక్కుతో లాగి చూసుకోవాలి.

మంచి కత్తి కావాలంటే కొలిమి దగ్గర నిలబడి చేయించుకోండి. నేను చేయించుకున్నది ఇదే. లారీ కమాను పట్టీ ముక్కతో మా కమ్మరి చేశారు. స్ప్రింగు ఉక్కు కాబట్టి దెబ్బకు వంగినా మళ్ళీ నిటారవుతుంది. ఆ రోజు గంటన్నర పక్కనే కూర్చుని చూశాను. పట్టీని సాగగొట్టి, అంచు తీసి, పండు మిరపకాయ రంగు వచ్చేదాకా కాల్చి, అంచును మాత్రం నీళ్ళలో ముంచారు. అప్పుడు అంచు గాజులా ఉంటుంది, తగిలితే పెళుసుగా రాలుతుంది. ఆయన వెంటనే అంచును ఇసుక రాతితో రుద్ది మెరిపించి, కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నారు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపుకు పాకింది. మెరుపు మీద మొదట ఎండుగడ్డి రంగు వచ్చింది, తరువాత గోధుమ, దాని వెనకే ఊదా. ఊదా రంగు అంచును తాకబోతుండగా కత్తిని మళ్ళీ నీళ్ళలో పెట్టారు. ఇంకో రెండు క్షణాలు ఆగితే నీలం వచ్చేదట, నీలం వస్తే కర్ర కొట్టే అంచు మెత్తబడుతుందట. పదును అన్న మాటలో ఎంత పని ఉందో ఆ రోజు నాకు తెలిసింది.

అందుకే ఒక మనవి. ఆ కత్తిని తీసుకెళ్ళి, నిప్పురవ్వలు చిమ్మే కరెంటు చక్రం మీద పెట్టించకండి. అంచు నీలం తిరిగిందంటే ఆయన పట్టిన పదును అంతా పోయినట్లే. తడి సాన మీద మెల్లగా పెట్టుకోండి. చక్రం తప్పనిసరైతే రెండు క్షణాలకొకసారి నీళ్ళలో ముంచమనండి.

కత్తి కొన్నాక ఎండిన వెదురు మీద నాలుగు దెబ్బలు వేసి, అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అంచు మడత పడితే మెత్తన, పళ్ళు రాలితే పెళుసు. రెండూ కాకపోతే మీ అదృష్టం. పిడిలోకి పోయే తోక పిడి చివరి దాకా ఉండాలి. పిడి మొదట్లో పొన్ను, అంటే లోహపు కట్టు, బిగువుగా ఉండాలి. ఒక వైపే అంచు తీసిన కత్తులు కుడిచేతి వాళ్ళ కోసం చేసినవి. ఎడమచేతి వాళ్ళు కొడితే కర్రలోకి దిగకుండా పక్కకు జారుతుంది. మా చిన్న అబ్బాయి ఎడమచేతివాడు. వాడికి పని చేతకాదని నేను రెండేళ్ళు మందలించాను. తప్పు కత్తిదని తెలిశాక, అంచు అటు వైపు తీయించి ఇచ్చాను. ఆ రెండేళ్ళ మాటలు వెనక్కి తీసుకోలేను కదా. మీ ఇళ్ళలో ఎడమచేతి పిల్లలు ఉంటే ముందు కత్తిని చూడండి.

కొబ్బరి చెట్టు మీద కత్తి వాడేవారికి ఇంకో జాగ్రత్త. పచ్చి మట్ట కొట్టవలసి వస్తే మొదలంటా కొట్టకండి, నాలుగు అడుగులు వదిలి కొట్టండి. ఎక్కడానికి మాను మీద గాట్లు పెట్టకండి. తాజా గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, గుడ్లు పెడుతుంది, మనకు తెలిసేసరికి మొవ్వు వాలిపోతుంది. అలాగే కోసి పడేసిన మానులను తోటలో కుళ్ళనివ్వకండి, వాటిలో కొమ్ము పురుగు పెరుగుతుంది. ఈ పురుగుల విషయంలో అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం వారిని అడిగితే వివరంగా చెబుతారు. కత్తితో రెండు నిమిషాల్లో చేసిన గాయానికి ముప్పై ఏళ్ళ చెట్టు పోవడం నాకు భరించరాని విషయం.

ఇక గొడ్డలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని సామెత. మన డెల్టాలో గొడ్డలికి నిజమైన పని ఒక్కటే, కర్ర చీల్చడం. తుమ్మ, వేప, సరుగుడు రంపంతో మూరెడు మూరెడు కోసి, నిలబెట్టి నిలువునా కొడితే గొడ్డలి తన విద్య చూపిస్తుంది. సరుగుడును ఎండనివ్వకుండా పచ్చిగా ఉన్నప్పుడే కోసి చీల్చండి, ఎండితే రంపం కూడా మొరాయిస్తుంది. చింత మొద్దును చీల్చాలని ప్రయత్నించకండి. దాని నారలు అల్లుకుపోయి ఉంటాయి కాబట్టే మాంసం కొట్టే మొద్దుకు దాన్ని వాడతారు. కొబ్బరి గొడ్డలిని పట్టేస్తుంది, చెప్పాను కదా. చీల్చే గొడ్డలికి చెంపలు ఉబ్బి ఉండాలి, అప్పుడే కర్రను రెండు పక్కలకు నెడుతుంది. చెంపలు పలచగా ఉన్నది అడ్డంగా నరకడానికి. తల బరువు కిలోన్నర ఉంటే చాలు. బరువైన గండ్రగొడ్డలి చూడటానికి బాగుంటుంది, పది నిమిషాల తరువాత గురి తప్పుతుంది. గురి తప్పిన గొడ్డలి కాలి మీదికి వస్తుంది.

గొడ్డలిలో నేను మొదట చూసేది కామ, అంటే పిడి కర్ర. తుమ్మ కర్ర మంచిది. కామ చివర చూస్తే వలయాల గీతలు కనిపిస్తాయి. అవి గొడ్డలి అంచు ఉన్న దిక్కుకే సాగి ఉండాలి, అడ్డంగా ఉంటే దెబ్బకు విరుగుతుంది. వానాకాలంలో బిగించిన కామ చైత్ర, వైశాఖాల్లో వదులవుతుంది. మన ఊళ్ళ గాలి అలాంటిది, ఆరు నెలలు తడి, మూడు నెలలు నిప్పు. వదులైతే చాలామంది రాత్రంతా నీళ్ళలో వేస్తారు. ఉదయానికి ఉబ్బి బిగుస్తుంది. కానీ ఇనుప కన్నంలో ఇరుక్కుని ఉబ్బిన నారలు నలిగిపోతాయి, ఆరాక మునుపటికంటే వదులవుతుంది. తల ఊడి ఎగిరేది అప్పుడే. బాగా ఎండిన కర్రతో ఎండల్లో కామ వేయించుకోండి, మేకు దిగగొట్టించండి, అవిసె నూనె పట్టించండి. గొడ్డలి వెనక వైపును సుత్తిలా వాడకండి, కన్నం పగులుతుంది.

అన్ని పనిముట్లకూ మన ఉప్పుగాలి శత్రువు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో రాత్రి తడిగా వదిలేసిన రంపం తెల్లవారేసరికి ఎర్రబడుతుంది. పని అయ్యాక తుడిచి, కొబ్బరి నూనె గుడ్డతో ఒకసారి రుద్దండి, అంతే. పనస కోసేముందు వంటింట్లో చేతికీ కత్తికీ నూనె రాస్తారు కదా, పనస కొమ్మ కోసేముందు రంపానికీ అలాగే రాయండి, పాలు అంటుకోవు. ఎండి అతుక్కున్న జిగురుకు కిరసనాయిలు. రంపం పళ్ళకు తొడుగుగా పాత సైకిలు ట్యూబు నిలువునా చీల్చి వేస్తాను నేను. ఇంకొకటి, మన ఒండ్రు మట్టిలో రాళ్ళు ఉండవు కాబట్టి అంచుకు భయం తక్కువ. కానీ వరదకు పైనుంచి కొట్టుకొచ్చి లంకల్లో ఆగిన దుంగల బెరడు నిండా ఇసుక ఉంటుంది. కోసే చోట బెరడును కత్తి వెన్నుతో గీకి, కడిగి, అప్పుడు రంపం పెట్టండి. వరదలో కొట్టుకుపోతున్న దుంగ కోసం మాత్రం నీళ్ళలో దిగకండి. ఆ కర్ర ఖరీదు ఎంతైనా సరే.

ప్రాణాల మాట వచ్చింది కాబట్టి రెండు విషయాలు గట్టిగా చెబుతాను. తుఫాను తరువాత పడిన చెట్టు దగ్గరికి పోయేముందు కొమ్మల్లో కరెంటు తీగ ఉందేమో చూడండి. ఉంటే, ఉందన్న అనుమానం ఉన్నా సరే, విద్యుత్ సిబ్బంది వచ్చి లేదని చెప్పేదాకా ఏ పనిముట్టూ పెట్టకండి. రెండోది, వేళ్ళతో సహా పెకలి పడిన చెట్టు. వేళ్ళకు మట్టి గోడలా లేచి ఉంటుంది, దాని వెనక గుంట ఉంటుంది. మానును కోసి బరువు తీసేయగానే ఆ మట్టి గోడ ఒక్కసారిగా వెనక్కి, గుంటలోకి వాలిపోవచ్చు. పిల్లలు ఆ గుంటలో ఆడుకుంటారు. కోసే ముందు గుంటలోకి తొంగి చూసి, ఒక మనిషిని అక్కడ కాపలా పెట్టండి. మరిచిపోకండి.

నిలబడి ఉన్న చెట్టును పడగొట్టాలనుకుంటే అది వేరే సంగతి. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, కాలువ గట్ల మీద చెట్లు ప్రభుత్వానివి, కోరింగ మడ అడవులు అభయారణ్యం. ముందు అనుమతి విషయం కనుక్కోండి.

అడగబోయే ప్రశ్న నాకు తెలుసు, డబ్బు పరిమితమైతే ఏం కొనాలి? వంపు రంపం ఒకటి, కొలిమిలో చేయించిన కత్తి ఒకటి, ఒక ఆకురాయి, ఒక సాన. ఇంటికి ఇవి చాలు. విల్లు రంపం నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి కొనుక్కోవచ్చు. ఆశ్వయుజం రాకముందే కొనండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున దుకాణంలో మిగిలేది ఎవరూ కొననిదే.

కొనేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళను కూడా తీసుకెళ్ళండి. తోటల్లో సగం పని వాళ్ళదే, పనిముట్లు మాత్రం మగవాళ్ళ చేతి కొలతకు కొంటాం. పిడి చుట్టూ పట్టినప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి తాకాలి. తాకకపోతే పట్టు జారుతుంది. నా భార్య కోసం సన్నని పిడి రంపం వేరుగా తెచ్చాక, మా నిమ్మ చెట్ల కత్తిరింపు ఆమె చేతికి పోయింది, కాపు కూడా బాగుపడింది.

దిమ్మలు వెనక వరుస దాకా వచ్చాయా? సరే. ఇప్పుడు అందరూ లేచి ఆవరణలోకి రండి. మొన్నటి గాలికి విరిగిన మామిడి కొమ్మ ఒకటి గ్రంథాలయం వారు నా కోసం ఉంచారు, ఇంకా మానుకే వేలాడుతోంది. మూడు కోతలూ దాని మీదే చేద్దాం. మొదటి కోత కింది నుంచి, మానుకు అడుగు దూరంలో. అమ్మా, మీరు ఎడమచేతితో దిమ్మ పట్టుకున్నారు, చూశాను. ఈ రంపానికి కుడి ఎడమ లేదు. మీరే ముందు రండి.